తల్లులు నిలబెట్టిన బడి



సంగారెడ్డి జిల్లా పడమటి కొసన జహీరాబాద్ ఉంది. అక్కడి నుంచి లోపలికి పోతే ఝరాసంగం మండలంలో మాచ్‌నూర్ అనే పల్లె వస్తుంది. 1993లో ఆ పల్లెలో ఒక బడి మొదలైంది. పేరు పచ్చసాలె. పెట్టింది దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. ఆ సంస్థ బలమంతా చుట్టుపక్కల ఊళ్ల మహిళా సంఘాలదే. సంఘాల్లోని ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు. ఎకరమో రెండెకరాలో చెలక ఉన్నవాళ్లు, చాలామంది బడి గడప తొక్కనివాళ్లు. అట్లాంటి తల్లులు వెనక నిలబడి నడిపించిన బడి ఎట్లా ఉంటుందో, ఇదే జిల్లాలో పటాన్‌చెరు కర్మాగారాల నడుమ ఉన్న మన బడులకు దాని నుంచి ఏం అందుతుందో ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

ఆ రోజుల్లో జహీరాబాద్ పల్లెల్లో పేదింటి పిల్లలు బడికి పోకపోవడానికి కారణం ఇంట్లోనే కనబడేది. అమ్మానాన్న ఇద్దరూ కూలికి పోతే చంటిబిడ్డను ఎత్తుకునేది ఎనిమిదేళ్ల అక్క. పశువులు కాసేది పదేళ్ల అన్న. కొందరు పిల్లలు పెద్ద రైతుల దగ్గర జీతానికి కుదిరేవాళ్లు. అందుకే సంఘాలు ఊళ్లలో బాల్వాడీలు పెట్టుకున్నాయి. చంటివాళ్లు బాల్వాడీలో ఉంటే అక్కకు చెయ్యి ఖాళీ అవుతుంది. కానీ పది పన్నెండేళ్లు వచ్చిన పిల్లను తీసుకుపోయి ఒకటో తరగతిలో ఆరేళ్లవాళ్ల పక్కన కూర్చోబెడితే ఎన్ని దినాలు కూర్చుంటుంది? ఆ పిల్లకు విత్తడం తెలుసు, కలుపు తీయడం తెలుసు, మేక ఈనుతుంటే ఏం చేయాలో తెలుసు. మామూలు బడి ఇవేవీ తెలివి కింద లెక్కపెట్టదు. పచ్చసాలె లెక్కపెట్టింది. పిల్లలకు వచ్చిన పని దగ్గరే చదువు మొదలుపెట్టింది.

పుస్తకాల చదువుతో పాటు వ్యవసాయం, వడ్రంగం, కుమ్మరం, తాపీ పని, కుట్టుపని, పుస్తకాల బైండింగు, మూలికా వైద్యం అక్కడ పాఠాలే. ఆడపిల్లలు కూడా బాడిసె పట్టారు, తాపీ పట్టారు. వడ్రంగం నేర్చుకునే పిల్లకు కొలత ఎందుకో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. చట్రం మూల లంబకోణంలో లేకపోతే తలుపు పట్టదు. పట్టకపోతే విప్పి మళ్లీ కొలవాలి. లెక్కల నోటుబుక్కులో తప్పు చేస్తే ఎర్ర గీత పడుతుంది, పేజీ తిప్పేస్తాం. కట్టెలో తప్పు చేస్తే ఎక్కడ తప్పిందో ఆ కట్టే చూపిస్తుంది, సరిదిద్దుకునే దాకా వదలదు. గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి మేస్త్రి గుండు కట్టిన దారం వేలాడదీస్తాడు. ఆ గుండు ఎప్పుడూ కిందికే ఎందుకు లాగుతుందని ఒక పిల్ల అడిగిందంటే భౌతికశాస్త్రం అక్కడే మొదలైనట్టు.

ఇక్కడ కొందరు తల్లిదండ్రులకు ఒక అనుమానం వస్తుంది. అది న్యాయమైన అనుమానం. పేదోళ్ల పిల్లలకేమో చేతిపని, పెద్దోళ్ల పిల్లలకేమో డాక్టరు చదువా? మన చరిత్రలో ఈ ప్రశ్నకు బలమైన కారణం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ఒక పూట చదువు, ఇంకో పూట ఇంటి వృత్తి అనే పద్ధతి తెచ్చింది. కుమ్మరి కొడుకు కుమ్మరి దగ్గరే, చాకలి బిడ్డ చాకలి రేవు దగ్గరే మిగిలిపోతారని జనం మండిపడ్డారు. కులవృత్తి చదువని దానికి పేరు పడింది. మరుసటి ఏడే రాజాజీ దిగిపోయారు, ఆ పద్ధతినీ తీసేశారు. ఆ కోపం సరైన కోపమని నేను నమ్ముతాను. తండ్రి పనికే కొడుకును కట్టేసే చదువు చదువు కాదు.

పచ్చసాలె ఆ దారి పట్టలేదు. అక్కడ పని కులాన్ని బట్టి రాలేదు. ఏ ఇంటి పిల్లయినా మట్టి పిసకవచ్చు, ఏ ఇంటి పిల్లాడైనా కుట్టుమిషను తొక్కవచ్చు. ఏడో తరగతి, పదో తరగతి ప్రభుత్వ పరీక్షలకు ఆ పిల్లలు మామూలు బడి పిల్లలతో సమానంగా కూర్చున్నారు. పైచదువుల తలుపు మూయకుండానే ఊరి పనికి గౌరవం తేవడం కష్టమైన పని. అక్షరం ముక్క రాని తల్లులు ఈ రెండింటిలో దేన్నీ వదులుకోలేదు. పచ్చసాలె గురించి ఎన్ని చెప్పినా నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

ఊరు బడిలో పాలుపంచుకోవడమంటే మనకు అలవాటైన అర్థం ఒకటుంది. దాత వచ్చి ఫ్యాన్లు ఇస్తాడు, గోడ మీద పేరు రాయించుకుంటాడు. ఆగస్టు పదిహేనుకు సర్పంచ్ మిఠాయి పంచుతాడు. అవి మంచివే, వద్దనను. కానీ మాచ్‌నూర్ వైపు ఊరు ఇచ్చింది జ్ఞానం. అక్కడి సంఘాల ఆడవాళ్లు ఒక్క ఎకరంలో ఇరవై రకాల దాకా పంటలు కలిపి వేస్తారు. పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, ఉలవ, అనుము, అవిసె, పుండి. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. జొన్న నేల సారం తీసుకుంటే కంది వేళ్లు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. యాసంగిలో నల్లరేగడిలో నీళ్లు పెట్టకుండా మంచుకే పండే పంటలను వాళ్లు సత్యం పంటలంటారు. ఎవరూ విత్తకుండా చేలలో మొలిచే తుమ్మికూర, జొన్నచెంచలి లాంటి ఆకుకూరలు వాళ్లకు డజన్ల కొద్దీ తెలుసు. ఏది బాలింతకు పెట్టాలి, ఏది కళ్లకు మంచిది అన్నది కూడా తెలుసు. విత్తనాలను ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, మట్టి అలికిన గంపల్లో దాచుకుంటారు. వృక్షశాస్త్రం, నేలశాస్త్రం, పోషకాహారం అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఆడవాళ్లకు పంతులమ్మలని పేరు పెట్టకపోవడం ఇన్నాళ్లూ మన బడులు చేసుకున్న నష్టం.

2001 నుంచి ప్రతి సంక్రాంతికీ ఆ పల్లెల్లో పాత పంటల జాతర జరుగుతోంది. సింగారించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని నెల రోజుల పాటు ఊరూరా తిరుగుతారు. బండి ఆగిన చోటల్లా రైతులు కూర్చుని మాట్లాడుకుంటారు. బండి వెంట నడిచిన పిల్లకు ఆ నెలలో పట్టుబడేది ఏ పుస్తకంలో ఎన్ని పాఠాలు చదివితే వస్తుంది?

రేడియో గురించి రేడియోలో చెప్పకుండా ఉండలేను. మాచ్‌నూర్‌లోనే సంఘం రేడియో ఉంది, 90.4 ఎఫ్ఎం. 1998లో యునెస్కో సాయంతో స్టూడియో తయారైంది. కానీ గాలిలోకి మాట వదలడానికి అనుమతి లేదు. ఆడవాళ్లు రికార్డు చేయడం మానలేదు. క్యాసెట్లను సంఘం మీటింగులకు మోసుకుపోయి వినిపించారు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. పౌర సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం 2006లో ఒప్పుకుంది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలైంది. ప్రారంభించింది 1995 తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. నడిపించింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు ఊరి ఆడబిడ్డలు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ గారు ఒకప్పుడు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసిన మనిషి. కెమెరాను, మైకును ఊరి చేతికి ఇవ్వాలన్న పట్టుదల ఆయనది. 2023 మార్చిలో ఆయన పోయారు. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది.

ఇప్పుడు చేతిపనిని చదువులో కలిపిన ఇంకో సమాజాన్ని చూడడానికి కొంచెం దూరం పోదాం. అమెరికాలో, బ్రిటన్‌లో, దక్షిణాఫ్రికాలో యూదు కుటుంబాలు తమ పిల్లల కోసం బడులు నడుపుకుంటాయి. పొద్దున పోయి సాయంత్రం ఇంటికొచ్చే బడులు. అదే రోజులో లెక్కలు, సైన్సు ఉంటాయి, హీబ్రూ భాషా, వాళ్ల ధర్మగ్రంథమైన తోరా కూడా ఉంటాయి. సుక్కోత్ అనే పంట పండుగకు పందిరి లాంటి గుడిసె వేయడం వాళ్ల ఆచారం. కొమ్మలతో కప్పు వేయాలి, ఆ కొమ్మల సందుల్లోంచి చుక్కలు కనబడాలి. బడి పిల్లలు దాన్ని చేతులతో కట్టుకుంటారు. తు బిష్వాత్ అనే చెట్ల పండుగకు మొక్కలు నాటుతారు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చి పెద్దవాళ్ల వరసలో చేరేటప్పుడు, ఊరికి పనికొచ్చే సేవ ఏదో ఒకటి చేయడం ఇప్పుడు చాలా కుటుంబాల్లో అలవాటు. ఈ ఆలోచనకు వేరు పాతది. తండ్రి బిడ్డకు చేయాల్సిన వాటిలో ధర్మం నేర్పడంతో పాటు ఒక చేతిపని నేర్పడాన్నీ యూదుల ప్రాచీన గ్రంథం తాల్ముద్ చేర్చింది. మన తెలుగు నేల మీద కూడా గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటించే కుటుంబాలు వాళ్లవి. వాళ్లలో చాలామంది కూలి చేసుకుని బతికేవాళ్లే.

మాచ్‌నూర్‌కూ యూదు బడులకూ ఏం సంబంధమని అడగవచ్చు. సంబంధం ఉంది, అది పనిని చదువుతో కలిపే ఆలోచనే. 1910లో హెర్మన్ కాలెన్‌బాక్ అనే యూదు ఆర్కిటెక్టు జొహానెస్‌బర్గ్ దగ్గర తన 1,100 ఎకరాల తోటను గాంధీజీ సత్యాగ్రహులకు ఇచ్చాడు. అదే టాల్‌స్టాయ్ ఫామ్. అక్కడ చేరిన కుటుంబాల్లో గుజరాతీలు, తమిళులతో పాటు ఆంధ్రదేశం నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అక్కడి పిల్లలకు గాంధీజీయే పంతులు. పిల్లలు తోటపని చేశారు, వంటకు సాయపడ్డారు, చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. చెప్పుల పని ముందు నేర్చుకొచ్చినవాడు కాలెన్‌బాక్. పంతులు చేయని పని పిల్లలకు చెప్పకూడదన్నది అక్కడి నియమం. 1937 అక్టోబరులో వార్ధాలో నయీ తాలీమ్ పేరుతో దేశం ముందుకు వచ్చిన, పని ద్వారా చదువు నేర్పే విద్యావిధానానికి విత్తనం ఆ తోటలో పడింది.

వార్ధా ఆలోచనకు పాఠ్యప్రణాళిక రాసిన కమిటీకి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్. 1897లో హైదరాబాద్‌లో పుట్టిన మనిషి, తర్వాతి కాలంలో రాష్ట్రపతి. ఆయన బెర్లిన్‌లో చదువుకునే రోజుల్లో గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు యువతి స్నేహితురాలైంది. బెర్లిన్‌లో పేద యూదు పిల్లల కోసం నడిచిన కేంద్రంలో పనిచేసిన అనుభవం ఆమెది. హిట్లర్ గద్దెనెక్కుతున్న రోజుల్లో ఆమె ఢిల్లీకి వచ్చి జామియా మిల్లియా విద్యాసంస్థలో చేరింది. చిన్నపిల్లల బడి చూసుకుంది, వాళ్ల హాస్టలు చూసుకుంది. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవాళ్లు. యుద్ధం వచ్చాక జర్మనీ మనిషని బ్రిటిషు ప్రభుత్వం ఆమెను నిర్బంధించింది. విడుదలయ్యాక మళ్లీ పిల్లల దగ్గరికే వచ్చి, 1943లో అక్కడే కన్నుమూసింది. పుట్టిన దేశం గెంటేసిన మనిషి మన పిల్లలకు అక్క అయింది. ఆ రుణం మనం పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా రాసుకోలేదు. రాసుకుంటే బాగుండును.

ఇక పటాన్‌చెరుకు వద్దాం.

పొలాలు ఉన్న చోట ఇవన్నీ కుదురుతాయి, కర్మాగారాల నడుమ ఎట్లా అని మీరు అడుగుతారు. 1970ల నుంచి పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి వరుసగా పారిశ్రామికవాడలయ్యాయి. ఇప్పుడు అక్కడి బడుల్లో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మికుల పిల్లలూ ఉన్నారు. కిరాయి గదుల్లో ఉంటారు. నాన్నకు ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం నైట్ షిఫ్టు. తాతా అమ్మమ్మా వందల మైళ్ల అవతల. అట్లాంటి చోట ఊరు అంటే ఎవరు? ఈ ప్రశ్నే అసలు ప్రశ్న. నా జవాబు ఇది: అక్కడ పనిచేసేవాళ్లే ఊరు. వెల్డరు, ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, ల్యాబులో నీళ్లు పరీక్షించే అమ్మాయి, ప్యాకింగులో పనిచేసే తల్లి, క్యాంటీన్‌లో మూడొందల మందికి వండే మనిషి. ఆ ఒక్కొక్కరి చేతిలో ఒక పాఠం ఉంది. మూడొందల మందికి పప్పు ఎంత పోయాలన్నది నిష్పత్తుల లెక్క. రెండు ఇనుప ముక్కలు ఎందుకు అతుకుతాయన్నది రసాయనశాస్త్రం.

నీళ్ల గురించి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. ఇసుకవాగు నక్కవాగులో కలుస్తుంది, నక్కవాగు మంజీరలో కలుస్తుంది. కర్మాగారాల వ్యర్థాలు ఆ వాగుల పక్క చేలను, బావులను పాడుచేశాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు. రైతుల గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఒక పత్రం ప్రచురించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని అందులో చూపించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. లోకమంతా సూక్ష్మజీవశాస్త్రం చదివేవాళ్లు పటాన్‌చెరు పేరు చదువుతున్నారు. పటాన్‌చెరు పిల్లలు మాత్రం నీటి కాలుష్యం పాఠంలో ఎక్కడిదో నది బొమ్మ చూస్తున్నారు. ఆ వాగులో పిల్లలు చెయ్యి పెట్టాలని నేను అనడం లేదు, పెట్టకూడదు. పెద్దలు తెచ్చిన నీటి నమూనాలో పీహెచ్ కాగితం ముంచి రంగు చూడవచ్చు. వీధిలోని బోర్ల వివరాలు, తాతల కాలంలో ఆ బావి నీళ్లు ఎట్లా ఉండేవన్న సంగతి పాతకాపుల్ని అడిగి రిజిస్టరులో రాయవచ్చు. ఏడాదికేడాది కొత్త తరగతి ఆ రిజిస్టరును అందుకోవచ్చు. నీళ్లతో పాటు నిప్పు గురించీ చెప్పాలి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లకూ పిల్లలున్నారు. సన్నని పొడి గాలిలో లేస్తే నిప్పురవ్వకు ఎందుకు అంటుకుంటుందో, ఎమర్జెన్సీ తలుపుకు ఎందుకు తాళం వేయకూడదో తెలుసుకునే హక్కు ఆ వాడల్లో పెరిగే ప్రతి పిల్లకూ ఉంది.

మంచి పొరుగు కూడా ఉంది. 1972లో పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. దాని విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా చల్లటి గదుల్లో భద్రంగా ఉన్నాయి. అక్కడికి రెండు గంటల దూరంలో, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో సంఘం ఆడవాళ్ల మట్టి గంపలున్నాయి. గదిలో దాచిన విత్తనం నిద్రపోతుంది. చేలో వేసి తీసుకున్న విత్తనం ఏటా మారే వానలకు అలవాటు పడుతూ ఉంటుంది. ఒకే వారంలో ఈ రెండూ చూసిన తొమ్మిదో తరగతి పిల్ల పరిణామ సిద్ధాంతం గురించి అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

ఊరి పనివాళ్లను బడిలోకి పిలవడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పుస్తకాల సంచీ లేకుండా పది రోజులు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని చెప్పింది. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు మహిళా సంఘాలు కుట్టాయి. కుట్టిన ఆ తల్లులను ఒక పూట తరగతిలోకి పిలిచి, కొలతలు తీసి గుడ్డ వృథా కాకుండా ఎట్లా కత్తిరిస్తారో చూపించమని ఎన్ని బడులు అడిగాయి? విస్తీర్ణం పాఠానికి అంతకంటే మంచి పంతులమ్మ దొరకదు.

పటాన్‌చెరు వైపు బడుల ప్రధానోపాధ్యాయులకు, కమిటీల్లో ఉన్న అమ్మలకు, నాన్నలకు ఒక పని చెప్పి ముగిస్తాను. వచ్చే నెల మీటింగు నైట్ షిఫ్టు దిగినవాళ్లు, పగలు డ్యూటీకి పోయేవాళ్లు ఇద్దరూ రాగలిగేలా ఆదివారం పెట్టండి. హిందీ, ఒడియా తెలిసిన పెద్ద తరగతి పిల్లలను పక్కన కూర్చోబెట్టి మాట కలపమనండి. వచ్చిన ప్రతి మనిషినీ మీ చేతికి వచ్చిన పని ఏమిటని అడిగి, పేరు పక్కన రాసుకోండి. ఆ కాగితాన్ని లెక్కల పంతులుకూ, సైన్సు పంతులమ్మకూ ఇవ్వండి. ఏ పాఠానికి ఎవరిని పిలవాలో వాళ్లు తేలుస్తారు.